ఊరు తోడుంటేనే వైద్యం: సికిల్ సెల్ రోగుల సంరక్షణ

సికిల్ సెల్ వ్యాధి పుట్టుకతో వచ్చే రక్తరుగ్మత. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపం గల జన్యువులు రెండూ చేరిన బిడ్డకు మాత్రమే అది వస్తుంది గనుక దాన్ని అంటురోగంగా భావించి రోగికి దూరంగా మెలగవలసిన పని లేదు; అయితే వచ్చిన తరువాత అది జీవితాంతం వెన్నంటి ఉంటుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామంది ఆసుపత్రి మంచం మీద గడిపే రోజులు ఏడాదిలో కొద్దిపాటివే కాగా, మిగిలిన కాలమంతా ఇంట్లోనూ బడిలోనూ పొలంలోనూ కూలిపనిలోనూ గడుస్తుంది. పసివాడి కడుపు ఉబ్బుతోందని మొదట గమనించేది తల్లి, తరగతిలో పిల్ల నీరసించి కూర్చుందని మొదట చూసేది ఉపాధ్యాయుడు, నెల తిరగకముందే మాత్రలు అయిపోయాయని మొదట తెలిసేది ఆశా కార్యకర్తకు. వైద్యశాస్త్రం ఈ వ్యాధి విషయంలో సాధించిన విజయాల్లో పేదవారికి నిజంగా అందినవి ఏవని పరిశీలిస్తే, వాటిలో చాలావరకు ఇటువంటి దగ్గరి మనుషుల చేతుల మీదుగా అందినవేనని తేలుతుంది.

ఎర్ర రక్తకణాల్లో ఉండి, ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును శరీరమంతటికీ మోసుకుపోయే ప్రోటీన్‌ను హిమోగ్లోబిన్ అంటారు. అందులోని బీటా గొలుసులో ఆరవ స్థానాన ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ అనే మరొక అమైనో ఆమ్లం చేరినప్పుడు ఏర్పడే రకాన్ని హిమోగ్లోబిన్ ఎస్ అని పిలుస్తారు. మార్పు అణుమాత్రమే అయినా, ప్రాణవాయువును విడిచిన వెంటనే హిమోగ్లోబిన్ ఎస్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులుగా మారి, గుండ్రంగా మెత్తగా ఉండవలసిన కణాన్ని కొడవలి ఆకారంలోకి వంచి గట్టిపరుస్తాయి. అలా వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడినప్పుడు రక్తం అందని ఎముకల్లో, ఛాతీలో, నడుములో భరించరాని నొప్పి పుడుతుంది; దీన్నే వైద్యులు నొప్పి సంక్షోభం అంటారు. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుండగా ఈ కణాలు 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోవడం వల్ల రక్తహీనత శాశ్వతంగా నిలిచిపోతుంది, కళ్లు పచ్చబడతాయి. కళ్ల పసుపును పచ్చకామెర్లుగానూ, కీళ్ల నొప్పిని వాతంగానూ భావించి పసరు మందుల చుట్టూ తిరగడంలోనే అనేక గూడేల్లో రోగుల బాల్యం గడిచిపోతుంది. దీనికి వారిని తప్పుపట్టడం సరికాదు. చాలాకాలం పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కూడా వారికి ఇంతకంటే మెరుగైన సమాధానం చెప్పలేకపోయింది.

ఈ కణాలను తొలిసారి వర్ణించిన శాస్త్రీయ వ్యాసం 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ పేరిట వెలువడింది. 1949లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, ఆయన సహచరులు హిమోగ్లోబిన్ అణువులోనే తేడా ఉన్నదని చూపడంతో, ఒక అణువు లోపంగా గుర్తింపు పొందిన తొలి వ్యాధి ఇదే అయింది. భారతదేశంలో దీని ఉనికి 1952లో వెల్లడైంది: నీలగిరి కొండల్లోని ఆదివాసీ సమూహాల్లో లేమన్, కట్‌బుష్ అనే పరిశోధకులు హిమోగ్లోబిన్ ఎస్‌ను గుర్తించగా, అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కూలీలలో కూడా అది ఉన్నట్లు మరొక నివేదిక వచ్చింది. మలేరియా ప్రబలిన అటవీ ప్రాంతాల్లోనే ఈ జన్యువు అధికంగా కనబడడానికి కారణం, ఒకే ఒక లోపజన్యువు ఉన్నవారికి తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ లభించడమేనని 1954లో ఆంథనీ ఆలిసన్ అనే పరిశోధకుడు ఆఫ్రికాలో చేసిన పరిశోధనలు చూపాయి. అయితే రెండు లోపజన్యువులూ ఉండి వ్యాధికి లోనైన వారికి అదే మలేరియా మరింత ప్రమాదకరం అవుతుందన్న సంగతి మన ఏజెన్సీ ప్రాంతాల్లో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది.

ఒకే లోపజన్యువు ఉన్నవారిని వాహకులు అంటారు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, వారికి మందులు అక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకత్వం వచ్చే అవకాశం సగం, ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. ‘ప్రతి గర్భంలోనూ’ అన్న మాటను వివరించడానికే సలహాదారుల సమయంలో పెద్ద భాగం వెచ్చించవలసి వస్తుంది, ఎందుకంటే మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది గనుక తరువాతి ముగ్గురికీ రాదన్న అపోహ చదువుకున్నవారిలో సైతం కనబడుతుంది. మేనరికాలు వాడుకలో ఉన్న తెలుగు కుటుంబాల్లో వధూవరులిద్దరూ ఒకే పూర్వీకుల నుంచి ఒకే జన్యువును పొందే అవకాశం ఎక్కువ గనుక ఈ లెక్క వారికి మరింత దగ్గరి విషయం.

వ్యాధి ఉన్న శిశువు పుట్టినప్పుడు ఏ లక్షణమూ కనబడదు. గర్భస్థ దశకు చెందిన హిమోగ్లోబిన్ మరికొన్ని నెలలు రక్తంలో నిలిచి ఉండడమే అందుకు కారణం. అది తగ్గుముఖం పట్టే ఆరో నెల ప్రాంతంలో చేతుల వేళ్లు, పాదాలు నొప్పితో వాయడం తరచుగా తొలి సంకేతమవుతుంది. దీనికంటే ప్రమాదకరమైనది ప్లీహంలో రక్తం పేరుకుపోవడం. కడుపులో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండి పాతబడిన రక్తకణాలను వడపోసే అవయవమైన ప్లీహాన్ని, అది వాచి చేతికి తగిలినప్పుడు, పల్లెల్లో ‘బల్ల’ అంటారు. సికిల్ సెల్ ఉన్న పసిపిల్లల్లో ఒక్కొక్కసారి శరీరంలోని రక్తంలో పెద్దభాగం గంటల వ్యవధిలో ప్లీహంలో చిక్కుకుపోయి, బిడ్డ పాలిపోయి, రక్తం ఎక్కించేలోపే మరణించే పరిస్థితి ఏర్పడుతుంది.

ఈ మరణాలను ఆపిన ఘనత కరీబియన్ ద్వీపదేశమైన జమైకాది. రాజధాని కింగ్‌స్టన్‌లో గ్రాహం సెర్జెంట్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో 1973 నుంచి 1981 వరకు వరుసగా 1,00,000 మంది నవజాత శిశువుల రక్తాన్ని పరీక్షించి, వ్యాధి ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, పసితనపు మరణాలకు ప్లీహ సమస్య ముఖ్యకారణాల్లో ఒకటని తేలింది. వైద్యబృందం చేసిన పని ఎంతో సరళమైనది: బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో మెల్లగా నొక్కి, ప్లీహం అంచు ఎక్కడిదాకా వచ్చిందో రోజూ చూసుకోవడం తల్లులకు నేర్పారు. నిన్నటికంటే అంచు కిందికి దిగి, బిడ్డ పెదవులు, అరచేతులు పాలిపోతే వెంటనే ఆసుపత్రికి తేవాలని చెప్పారు. 1985లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, తల్లిదండ్రులకు ఈ శిక్షణ ఇచ్చిన తరువాత గుర్తించిన ఘటనల సంఖ్య పెరిగింది, ఎందుకంటే మునుపు ఎవరి కంటా పడకుండా పోయినవి ఇప్పుడు ఆసుపత్రికి చేరసాగాయి. ప్రతి 100 ఘటనల్లో మరణాలు మాత్రం దాదాపు 29 నుంచి 3కు పడిపోయాయి. ఖరీదైన యంత్రం, కొత్త మందు ఏదీ లేకుండా, అక్షరం రాని తల్లి సైతం చేయగల ఒక స్పర్శతో ఇంతటి ఫలితం సాధించిన ఉదాహరణ ఈ వ్యాధి చరిత్రలో మరొకటి దొరకడం కష్టం. ఒడిశాలోని సంబల్‌పూర్ ప్రాంతపు రోగులపై అక్కడి వైద్యులతో కలిసి సెర్జెంట్ పరిశోధన చేసినందువల్ల ఆయన అనుభవం భారతదేశానికి కూడా పరిచితమైనదే. అయినా మన ఏజెన్సీ గ్రామాల్లో ఎంతమంది తల్లులకు ఈ విద్య నేర్పారని అడిగితే గట్టిగా చెప్పగలిగినవారు అరుదు.

ఈ వ్యాధి వల్ల ప్లీహం దెబ్బతిన్న పిల్లలు న్యుమోకాకస్ వంటి సూక్ష్మజీవుల ముందు నిస్సహాయులవుతారు. అమెరికాలో జరిగి 1986లో వెలువడిన ఒక పరీక్షలో, పసిపిల్లలకు రోజుకు రెండుసార్లు నోటి ద్వారా పెన్సిలిన్ ఇవ్వడం వల్ల తీవ్రమైన న్యుమోకాకస్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. కానీ రోజుకు రెండుసార్లంటే ఏడాదికి 730 మోతాదులు. ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డకు, ఏళ్ల తరబడి, తప్పకుండా మందు తాగించడం వైద్యుడి చీటీతో ముగిసే పని కాదు. జ్వరం వస్తే ‘రేపు చూద్దాం’ అనుకోకుండా ఆనాడే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలన్న నియమం కూడా అటువంటిదే. ఆ ‘రేపు’ అనే వాయిదా వెనుక సాధారణంగా ఉండేవి అజ్ఞానం కంటే దారి లేకపోవడం, చేతిలో డబ్బు లేకపోవడం, కూలి పోవడం.

దీర్ఘకాలిక చికిత్సలో నేటికీ ప్రధానమైనది హైడ్రాక్సీయూరియా అనే మందు. మొదట కొన్ని రకాల క్యాన్సర్లకు వాడిన ఈ మందు, గర్భస్థ హిమోగ్లోబిన్ ఉత్పత్తిని తిరిగి పెంచి, కణాలు వంగడాన్ని తగ్గిస్తుంది. 1995లో అమెరికాలో పెద్దవారిపై జరిగిన పరీక్షలో నొప్పి సంక్షోభాలు దాదాపు సగానికి తగ్గినట్లు రుజువైంది. ధర అందుబాటులోనే ఉన్నా, దీన్ని బరువునుబట్టి నిర్ణయించిన మోతాదులో రోజూ తీసుకోవాలి, తెల్లకణాలు మరీ పడిపోకుండా క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి, గర్భం దాల్చదలచిన స్త్రీ ముందుగా వైద్యుణ్ని సంప్రదించి మందు ఆపడం గురించి నిర్ణయించుకోవాలి. మందు వేసుకున్న మరునాడే గుణం కనబడదు, వారాలు నెలలు పడుతుంది. నొప్పి తగ్గగానే మాత్ర ఎందుకన్న ఆలోచన ఎవరికైనా సహజం. మండల కేంద్రంలో నిల్వ లేదని రెండు సార్లు ఖాళీ చేతులతో తిరిగి వచ్చిన రోగి మూడోసారి అంత దూరం వెళ్లకపోవడం అంతకంటే సహజం. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన జన్యుచికిత్సలు వార్తల్లో ఎక్కువ చోటు సంపాదించాయి గానీ, కోట్ల రూపాయల ఖరీదు చేసే ఆ చికిత్సకూ ఒక కొండగూడెంలోని బాలికకూ మధ్య ఉన్న దూరంతో పోలిస్తే, ఆ బాలికకూ హైడ్రాక్సీయూరియా మాత్రకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడం మన చేతిలోని పని.

ఆ దూరాన్ని తగ్గించే మార్గం ఎలా ఉంటుందో చూపిన చోట్లలో తమిళనాడులోని గూడలూరు ఒకటి. 1952లో తొలిసారి ఈ జన్యువు బయటపడిన నీలగిరి జిల్లాలోనే గూడలూరు లోయ ఉంది. పణియ, బెట్ట కురుంబ, ముల్లు కురుంబ, కాట్టునాయకన్, ఇరుల తెగలవారు అక్కడ తేయాకు తోటల మధ్య చెదిరిన పల్లెల్లో నివసిస్తారు. 1980ల మధ్యలో స్టాన్ థెకేకర, మారి థెకేకర దంపతులు స్థాపించిన అకార్డ్ సంస్థ భూమి హక్కుల కోసం ఆదివాసీలను సంఘటితం చేయగా, 1987లో వైద్య దంపతులైన దేవదాసన్, రూపా దేవదాసన్‌ల చేతుల మీదుగా ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 1990లో అశ్విని అనే సంస్థ ఏర్పడి గూడలూరు ఆదివాసీ ఆసుపత్రి వెలిసింది. శస్త్రవైద్యుడు నందకుమార్ మేనోన్, స్త్రీవ్యాధుల నిపుణురాలు శైలాదేవి దాన్ని నిలబెట్టారు. అక్కడి ప్రత్యేకత భవనంలో కంటే సిబ్బందిలో ఉంది: ఆదివాసీ యువతులనే ఎంపిక చేసి నర్సులుగా, గ్రామాలు తిరిగే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. పల్లెలో ఒక కార్యకర్త, కొన్ని పల్లెలకు కలిపి ఒక ప్రాంతీయ కేంద్రం, వాటన్నిటికీ పైన ఆసుపత్రి అనే మూడంచెల అమరికలో, రోగిని వెతుక్కుంటూ వ్యవస్థ వెళుతుంది. 1992లోనే ఆదివాసీ కుటుంబాలకు కొద్దిపాటి చందాతో ఆరోగ్య బీమా ఏర్పాటు చేయడం ఆ రోజుల్లో దేశంలోనే అరుదైన ప్రయత్నం. సికిల్ సెల్ రోగి ఇంటి భాషలోనే మాట్లాడే కార్యకర్త వచ్చి, మందు వేసుకుంటున్నదీ లేనిదీ కనుక్కొని, మానేస్తే ఎందుకు మానేసినట్లో అరుగు మీద కూర్చొని వినడం పెద్ద విషయంగా కనబడకపోవచ్చు గానీ, దీర్ఘవ్యాధి చికిత్స నిలిచేదీ కూలేదీ ఆ సంభాషణ దగ్గరే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపాన గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ సంస్థ అనుసరించిన పద్ధతి కొంత భిన్నమైనది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు వైద్యులు 2000 ప్రాంతంలో అక్కడ ప్రారంభించిన ఈ వైద్యకేంద్రం, ఒకే వ్యాధి ఉన్నవారిని బృందాలుగా కూర్చింది. ఇటువంటి బృందంలో రక్తపరీక్ష, మందుల పంపిణీ సామూహికంగా జరిగిపోవడమే కాక, కొత్తగా వ్యాధి బయటపడిన యువకుడు పదేళ్లుగా దానితో బతుకుతున్న మరొకరిని కళ్లారా చూడగలుగుతాడు. నొప్పి మొదలవుతున్న గురుతు ఏమిటి, నీళ్లు ఎంత తాగాలి, ఏ పని మానుకోవాలి, అత్తవారింట్లో ఈ సంగతి ఎలా చెప్పాలి అన్న ప్రశ్నలకు అనుభవజ్ఞుడైన తోటి రోగి చెప్పే జవాబుకు ఉండే విలువ వేరు. కేరళలోని వయనాడ్‌లో రోగులు స్వయంగా సంఘంగా ఏర్పడి, మందుల సరఫరా గురించీ నెలవారీ సాయం గురించీ ప్రభుత్వాన్ని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. అక్కడ ఆదివాసీలతోపాటు షెడ్యూల్డ్ తెగల జాబితాలో లేని వయనాడన్ చెట్టి వర్గంలోనూ ఈ వ్యాధి ఉండడం, దీన్ని కేవలం గిరిజనుల జబ్బుగా ముద్రవేయడం ఎంత పొరపాటో చెబుతుంది. మహారాష్ట్రలోని విదర్భలో దళిత వర్గాల్లో కూడా ఇది గణనీయంగా ఉంది. విదర్భను ఆనుకొని ఉన్న ఆదిలాబాద్ ప్రాంతం దీన్ని గమనించాలి.

తెలుగు నేలపై ఈ వ్యాధి పరిధి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు, కొలాం, పర్ధాన్ గూడేల నుంచి భద్రాచలం కోయ పల్లెల మీదుగా రంపచోడవరం, పాడేరు, పార్వతీపురం మన్యాల వరకు విస్తరించి ఉంది. హైదరాబాదులో రోగుల తల్లిదండ్రుల చొరవతో 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ, రక్తమార్పిడి అవసరమైన వేలాది మంది పిల్లలకు అండగా నిలిచింది. తలసీమియా అంటే హిమోగ్లోబిన్ తగినంతగా తయారుకాని మరొక వంశపారంపర్య రుగ్మత. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సికిల్ సెల్ రోగులకు నెలకు రూ.10,000 పింఛను అమలులోకి తేవడం దేశంలోనే చెప్పుకోదగిన నిర్ణయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. చికిత్సకు వెళ్లే రోగులకు రైల్వే రాయితీ ఉంది. అయితే ఈ హక్కుల్లో చాలావాటికి ముందు ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రానికి నిర్ధారణ పరీక్ష కావాలి, నిర్ధారణకు పట్టణం వెళ్లాలి. డోలీ కట్టి గర్భిణిని కొండ దింపవలసిన ఊళ్లు ఇంకా మిగిలి ఉన్న చోట, దరఖాస్తు నింపి, వెంట వెళ్లి, కార్యాలయం బయట రోజంతా కూర్చునే మనిషి ఒకరు లేకపోతే పింఛను కాగితం మీదే ఉండిపోతుంది.

మన్యపు వాతావరణం సైతం ఈ రోగుల జీవితంలో భాగం. చింతపల్లి మండలంలోని లంబసింగి చలిని చూడడానికి శీతాకాలంలో పర్యాటకులు బారులు తీరుతారు. ఆ చలే సికిల్ సెల్ రోగికి రక్తనాళాలు ముడుచుకుపోయి నొప్పి పుట్టడానికి హేతువు. వేసవిలో ఉపాధి హామీ పనిలో మట్టి మోస్తూ నీళ్లు తక్కువ తాగడం మరొక హేతువు. గిరిజన పిల్లల్లో చాలామంది చదివే ఆశ్రమ పాఠశాలల పాత్ర ఇక్కడ చాలా కీలకమైనదైనా, దాని గురించి చర్చ తక్కువ. ఈ వ్యాధి మూత్రపిండాలకు మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని తగ్గిస్తుంది గనుక ఈ పిల్లలు నీళ్లు ఎక్కువ తాగవలసి ఉంటుంది, తరచుగా మూత్రానికి వెళ్లవలసి ఉంటుంది, పెద్ద వయసు వచ్చినా కొందరు రాత్రి పక్క తడుపుతారు. కారణం తెలియని వార్డెన్ దాన్ని సోమరితనంగానో చెడు అలవాటుగానో భావించి నలుగురిలో మందలిస్తే, ఆ పిల్ల నీళ్లు తాగడమే మానేస్తుంది. నీళ్లు మానేస్తే నొప్పి వస్తుంది. నొప్పి వస్తే ఇంటికి పంపుతారు. ఇంటికి వెళ్లిన పిల్ల తిరిగి రాదు. తెల్లవారుజామున చన్నీటి స్నానం వద్దనీ, పరుగు పందెం నుంచి మినహాయింపు ఇవ్వాలనీ, తరగతిలో నీళ్ల సీసా దగ్గర ఉంచుకోనివ్వాలనీ, జ్వరం వస్తే ఏఎన్ఎంకు ఆ పూటే కబురు చేయాలనీ ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి సిబ్బందికి చెబితే, పైసా ఖర్చు లేకుండా ఎన్నో చదువులు నిలుస్తాయి.

వార్డెన్ పిల్ల బాధను అర్థం చేసుకోనట్లే, రోగి నొప్పిని నమ్మకపోవడం అన్నది మన్యానికే పరిమితమైన సమస్య కాదు. బయటికి గాయమేదీ కనబడకుండా, చేతులు కాళ్లు బాగానే ఉండి, మనిషి మాత్రం మెలికలు తిరిగిపోతుంటే, నటిస్తున్నాడనో మత్తు ఇంజెక్షన్ కోసం వచ్చాడనో అనుమానించిన సందర్భాలు లండన్ ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. 2021లో బ్రిటన్ పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి ఈ నిర్లక్ష్యంపైనే ఘాటైన నివేదిక వెలువరించింది. ఆ దేశంలోనే 1979లో ఎలిజబెత్ అనియోన్వు అనే నర్సు లండన్‌లోని బ్రెంట్‌లో, సికిల్ సెల్ కుటుంబాలకు సలహాలిచ్చే తొలి కేంద్రాన్ని నెలకొల్పడంలో ముఖ్యపాత్ర వహించింది. రోగికీ వైద్యుడికీ నడుమ ఇద్దరి భాషా తెలిసిన మనిషి ఒకరు ఉండాలన్న అవసరం సంపన్న దేశానికీ తప్పలేదన్నమాట.

పరీక్షల విషయానికి వస్తే, గ్రామస్థాయిలో మొదట చేసేది సాధారణంగా ద్రావణీయత పరీక్ష. వేలి నుంచి తీసిన రక్తపు బొట్టును ఒక రసాయన ద్రావణంలో కలిపి, గాజు నాళిక వెనుక గీతలు గీసిన కాగితం ఉంచుతారు; ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే హిమోగ్లోబిన్ ఎస్ ఉన్నట్లు. అయితే ఆ వ్యక్తి రోగియా, వాహకుడా అన్నది ఈ పరీక్ష చెప్పదు, పసికందుల్లో దీన్ని నమ్మలేము. ఆ తేడా తేల్చడానికి, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ వంటి యంత్రపరీక్ష అవసరం. మొదటి పరీక్షకూ రెండో పరీక్ష ఫలితానికీ మధ్య వారాలు గడిచిపోయినప్పుడు, ‘నీ రక్తంలో ఏదో ఉంది’ అన్న అర్ధసత్యం ఒక్కటే కుటుంబంలో మిగిలి, గూడెమంతా పాకుతుంది. వాహకురాలైన ఆరోగ్యవంతురాలిని రోగిష్టిదిగా ముద్రవేసి సంబంధం తిప్పికొట్టడం అక్కడే మొదలవుతుంది. ఆ ముద్ర మగవాడికంటే ఆడపిల్లకే గట్టిగా పడుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ప్రమాదానికి అమెరికా చరిత్రలో స్పష్టమైన హెచ్చరిక ఉంది. ప్రభుత్వం నల్లజాతీయుల వ్యాధిని పట్టించుకోవడం లేదని 1971లో బ్లాక్ పాంథర్ పార్టీ తన ఉచిత వైద్యశాలల్లోనూ వీధుల్లోనూ పరీక్షలు చేపట్టడం, 1972లో సికిల్ సెల్ నియంత్రణ చట్టం రావడం సమాజ చైతన్యం సాధించిన విజయాలు. అదే కాలంలో కొన్ని రాష్ట్రాలు బడిలో చేరడానికీ పెళ్లి అనుమతికీ పరీక్షను తప్పనిసరి చేశాయి; సలహాలిచ్చే ఏర్పాటు, గోప్యత లేనందున వాహకులను రోగులుగా పొరబడి ఉద్యోగాలు, బీమా నిరాకరించారు; ఆ దేశపు వైమానిక దళ అకాడమీలో వాహకుల ప్రవేశంపై నిషేధం 1981 దాకా సాగింది. పరీక్ష మంచిదే, కానీ పరీక్ష ఫలితం ఎవరి చేతిలో ఉంటుంది, దాన్ని ఎవరు ఎలా వివరిస్తారు అన్నవి పరీక్షతో సమానమైన ప్రశ్నలని ఆ పదేళ్లు తేల్చాయి.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని మూడేళ్లలో పరీక్షించాలనీ, 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా ఈ వ్యాధి లేకుండా చేయాలనీ లక్ష్యంగా పెట్టుకుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఇందులో ఉన్నాయి. 2025 నడిమి నాటికి 6 కోట్ల మందికి పైగా పరీక్షలు జరిగి, 2 లక్షలకు పైగా రోగులూ 16 లక్షలకు పైగా వాహకులూ బయటపడ్డారని కేంద్రప్రభుత్వ లెక్కలు తెలిపాయి. పెళ్లీడు యువతకు జన్యుస్థితి కార్డులు ఇచ్చి, వధూవరుల కార్డులు పోల్చి చూసుకోవాలని చెప్పడం ఈ కార్యక్రమంలో ముఖ్యాంశం. ఇంత పెద్ద ఎత్తున, ఇంతకాలం మరుగున పడిన వ్యాధిపై దృష్టి పెట్టడం అభినందించదగినదే. కానీ కార్డు చూసి ‘పెళ్లి మానుకోండి’ అని ఆదేశించడం సలహా అనిపించుకోదు. ఇద్దరు వాహకులు ఇష్టపడి పెళ్లి చేసుకోదలిస్తే, గర్భం తొలి మూడు నెలల్లోనే శిశువు స్థితిని తెలుసుకునే పరీక్ష ఉందనీ, దాని ఫలితం తరువాత నిర్ణయం ఆ దంపతులదేననీ, వ్యాధితో బిడ్డ పుట్టినా సరైన సంరక్షణతో పెరిగి పెద్దయి చదువుకొని బతకగలడనీ చెప్పడమే సలహా. ఆ చివరి మాట నిజం కావాలంటే సంరక్షణ ఊళ్లో ఉండాలి.

ఇప్పటివరకు ప్రగతి నివేదికల్లో ప్రముఖంగా కనబడే అంకె పరీక్షించినవారిది. అంతకంటే అవసరమైనవి వేరే ఉన్నాయి: వ్యాధి నిర్ధారణ అయినవారిలో గత నెల హైడ్రాక్సీయూరియా అందుకున్నది ఎందరు, గడచిన మూడు నెలల్లో రక్తపరీక్ష జరిగింది ఎందరికి, ప్లీహాన్ని తడిమి చూడడం నేర్చిన తల్లులు ఎందరు, జ్వరం వచ్చిన రోజే వైద్యం అందిన పిల్లలు ఎందరు, పింఛను చేతికందినవారు ఎందరు. ఈ లెక్క రాయగలిగినవారు ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ రోగుల బృందాలే గనుక, వారికి శిక్షణ, ప్రయాణ ఖర్చు, గౌరవప్రదమైన వేతనం ఇవ్వడం ఈ కార్యక్రమంలో ఖర్చు తగ్గించుకోకూడని పద్దు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) సంతరోజునే సికిల్ సెల్ క్లినిక్ నడిపితే, అంగడికి దిగిన మనిషి మందుతో సహా కొండ ఎక్కుతాడు. ఈ చిన్న ఏర్పాటుకు కొత్త చట్టం అక్కర్లేదు, వారానికి ఒక వైద్యుడు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, నిండుకోని మందుల పెట్టె చాలు. మన్యంలో బంధువులున్న పాఠకులు, ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే పాఠకులు, పెళ్లి సంబంధాలు మాట్లాడే ఇళ్లవారు దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష గురించి అడగాలి. ఫలితం ఏదైనా దాన్ని ఆ కుటుంబం వరకే ఉంచాలి. పట్టణాల్లో ఉన్నవారు జిల్లా రక్తనిధికి ఏడాదికి రెండుసార్లయినా రక్తం ఇవ్వాలి.